రెండో ఏడాదే పునాది

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం పరీక్షలు ముగియగానే మన ఇళ్లలో ఒక నిశ్చింత నెలకొంటుంది. సీటు వచ్చింది, ఏడాది గడిచింది, ఇక నాలుగో ఏట ఉద్యోగమే అన్న నమ్మకం అది. కంప్యూటర్ సైన్స్ విద్యార్థి విషయంలో ఈ నిశ్చింత తగదు. అతని అసలు చదువు మొదలయ్యేది రెండో సంవత్సరంలోనే.

డేటా స్ట్రక్చర్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, జావా, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, డిస్క్రీట్ మ్యాథమేటిక్స్ వంటి మూల విషయాలలో అధికభాగం మన విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికల్లో ఈ ఏడాదిలోనే వస్తాయి. ప్రాంగణ నియామకాల ప్రశ్నలకూ, మూడో ఏట నుండి రాయదగిన గేట్ పరీక్షకూ ఇవే ఆధారం.

కనుక ప్రణాళిక సెలవుల్లోనే మొదలు కావాలి. మొదట సి భాషలో పాయింటర్లు, స్ట్రక్చర్లు, రికర్షన్ తిరిగి నేర్చుకోవాలి. అవి రానివారికి లింక్‌డ్ లిస్టులు, ట్రీలు అర్థం కావు. మొదటి ఏడాది గణితం మిగిలిపోయి ఉంటే తొలి సప్లిమెంటరీలోనే పూర్తి చేయాలి. బ్యాక్‌లాగులు పేరుకుంటే పై తరగతికి కావలసిన క్రెడిట్లకే ముప్పు. సెమిస్టర్ నడుస్తుండగా రోజూ ఒక గంట స్వయంగా ప్రోగ్రాములు రాయాలి. కష్టమనిపించిన ఒక్క విషయానికి ఎన్‌పీటెల్ పాఠాలు వినవచ్చు. అవి ఉచితం, ధ్రువపత్రం కోసం రాసే పరీక్షకే రుసుము. పునాది లేకుండా అమీర్‌పేట కోర్సులకు వేలు వెచ్చించడం తొందరపాటే.

చదువుతో సమానమైనది కాగితాల పని. బోధనా రుసుము రీయింబర్స్‌మెంట్‌కు ఏటా రెన్యూవల్ తప్పనిసరి. హాజరు డెబ్బై ఐదు శాతానికి తగ్గకూడదు. దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపినవారికి తెలుసు, గడువు దాటిన దరఖాస్తుకు ఎంత అర్హత ఉన్నా విలువ ఉండదు. ఈ తేదీలను తల్లిదండ్రులే గుర్తుంచుకోవాలి.

అయితే బాధ్యత కుటుంబాలది మాత్రమే కాదు. ప్రభుత్వ బకాయిల భారాన్ని కళాశాలలు విద్యార్థులపై మోపడం, ధ్రువపత్రాలు ఆపడం అన్యాయం. ప్రతిష్ఠాత్మక కళాశాలల్లో డిగ్రీ చదివే ప్రతి ఇరవై ఐదుగురిలో ముస్లిం ఒక్కరేనని 2006లో సచార్ కమిటీ నివేదించింది. ఆ స్థితి నుండి పైకి రావాలంటే చేరిన ప్రతి బిడ్డా చదువు ముగించాలి. బకాయిలు సకాలంలో విడుదల చేయాలని అడగడం మన హక్కు.

ప్రతి మొహల్లాలో సీనియర్ విద్యార్థులు వారానికి ఒక సాయంత్రం జూనియర్లకు కేటాయించాలి. ఇంట్లో ల్యాప్‌టాప్ లేని ఆడపిల్లలకు రెండు కంప్యూటర్లున్న ఒక గది చూపగలిగితే అది గొప్ప సేవ. ఆ పని ఈ సెలవుల్లోనే ప్రారంభిద్దాం.