లైసెన్సును పక్కన పెట్టండి.. పోగొట్టుకోవద్దు!

చదువైపోయింది, లైసెన్సు చేతికొచ్చింది, ఇక జీవితాంతం డాక్టరే అనుకుంటున్నారా? అమెరికా వైపు చూస్తున్నవాళ్లు ముందు ఈ ధీమా వదులుకోవాలి. అక్కడ పాదాల వైద్యుల (పొడియాట్రిస్టులు) సంగతే చూడండి. డిగ్రీ తర్వాత నాలుగేళ్ల డీపీఎం కోర్సు, ఆపైన మూడేళ్ల రెసిడెన్సీ. ఇంత కష్టపడి తెచ్చుకున్న లైసెన్సును కూడా రాష్ట్ర బోర్డు దగ్గర గడువు తప్పకుండా రెన్యువల్ చేయించుకోవాలి. కాలిఫోర్నియాలో ఇది రెండేళ్లకోసారి. అదీ 50 గంటల నిరంతర విద్య పూర్తిచేస్తేనే!

మరి పిల్లల పెంపకమో, అనారోగ్యమో, ఇండియాలో అమ్మానాన్నల బాధ్యతో మీద పడి కొన్నాళ్లు ప్రాక్టీసు ఆపాల్సి వస్తే? ముందున్నవి రెండు దారులు. ఒకటి, ‘తర్వాత చూద్దాంలే’ అని వదిలేయడం. అప్పుడు లైసెన్సు గడువు తీరిపోతుంది, ఆలస్య రుసుములు పడతాయి. మరీ ఆలస్యమైతే మళ్లీ కొత్తగా దరఖాస్తు చేసుకోవాల్సి రావచ్చు. రెండోది, ముందే బోర్డుకు చెప్పి లైసెన్సును ‘ఇనాక్టివ్’గా మార్చుకోవడం. నా ఓటు రెండోదానికే.

‘పని చేయనప్పుడు ఫీజు దండగ కదా’ అంటారు కొందరు. నిజమే, కాలిఫోర్నియాలో ఇనాక్టివ్‌లో ఉన్నా గడువుకు రెన్యువల్ తప్పదు. కానీ నిరంతర విద్య నుంచి మినహాయింపు ఉంటుంది, తిరిగొచ్చే దారి తెరిచే ఉంటుంది. పైగా అక్కడ ఎవరి లైసెన్సు ఏ స్థితిలో ఉందో బోర్డు వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. రేపు ఉద్యోగం ఇచ్చే ఆసుపత్రికి ‘గడువు తీరింది’ అని కనిపించడం వేరు, ‘ఇనాక్టివ్’ అని కనిపించడం వేరు. మొదటిది నిర్లక్ష్యంలా ఉంటుంది, రెండోది నిర్ణయంలా ఉంటుంది.

అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. ఇనాక్టివ్ అంటే పార్ట్‌టైమ్ కాదు. తెలిసినవాళ్లే కదా అని ఒక్క ప్రిస్క్రిప్షన్ రాసినా అది ప్రాక్టీసే. అక్కడ మొహమాటానికి చోటు లేదు.

ఈ పద్ధతిలో లోటు లేదా అంటే, ఉంది. తిరిగి యాక్టివ్ కావడానికి కాలిఫోర్నియా చట్టం చదువు విషయంలో అడిగేది ఒక్క రెన్యువల్ కాలానికి సరిపడా గంటలే. రెండేళ్లు ఆగినవాళ్లకూ, పదేళ్లు ఆగినవాళ్లకూ అదే లెక్క! షుగర్ రోగి పాదంలో పుండుకు వైద్యం కాస్త అటూ ఇటూ అయితే కాలే తీసేయాల్సి రావచ్చు. అలాంటి పనికి తరగతి గదిలో గంటలు సరిపోవు. ఎక్కువకాలం దూరమైనవాళ్లు కొన్నాళ్లు సీనియర్ పక్కన నిలబడి చేతికి పని అలవాటు చేసుకోవాలి. చట్టం అడగకపోయినా మీరే ఆ పని చేయండి.

ఇదంతా అమెరికా గోల అనుకోకండి. మన వైద్యులకూ అయిదేళ్లలో 30 గంటల నిరంతర విద్య నిబంధన 2002 నుంచే ఉంది. పూర్తికాలం జీతానికి ఉద్యోగంలో చేరే లాయరు ఆ సంగతి బార్ కౌన్సిల్‌కు చెప్పి ప్రాక్టీసు ఆపాల్సిందే. కాబట్టి మీరు ఏ వృత్తిలో ఉన్నా ఈ వారమే మూడు విషయాలు కనుక్కోండి: రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడు? విరామం తీసుకుంటే ఎవరికి చెప్పాలి? తిరిగి రావాలంటే ఏం అడుగుతారు?

కెరియర్‌లో విరామం తప్పు కాదు. చెప్పాపెట్టకుండా మాయమవడమే తప్పు.