ఫోను పిల్లాడి చేతిలో ఉంది

గోడ మీద పోస్టర్ అంటే నాకు మొదటినుంచీ అనుమానమే. పని జరిగినట్టు కనిపించడానికి సర్కారుకు ఇంతకన్నా చౌకైన దారి దొరకలేదు. ఈ వారం బళ్లారిలో ఒక ఆసుపత్రి వరండాలో (పేరెందుకు లెండి) కొత్తగా అంటించినది ఒకటి చూశాను. మానసిక సమస్యలున్న టీనేజి పిల్లల తల్లిదండ్రులకు సాయమట. కింద క్యూఆర్ కోడు. దాన్ని స్కాన్ చేసి యాప్ దించుకోవాలి. పోస్టర్ కన్నడంలో, ఇంగ్లీషులో ఉంది. దాని ముందు నిలబడ్డావిడ నన్ను తెలుగులో అడిగింది: "ఈ గళ్ల బొమ్మను ఏం జెయ్యల్లన్నా?"

చెప్పాను. ఆవిడ నవ్వింది. "పెద్ద ఫోను ఇంట్లో ఉండేది ఒగటే. అది వాని చేతిలోనే ఉంటాది. దాని కోసమే గదన్నా దినామూ కొట్లాట!"

యాప్ తయారుచేసిన మహానుభావులకు తట్టని సంగతి ఇది. తల్లి కోసం చేసిన యాప్ కొడుకు చేతిలో తెరుచుకుంటుంది. 'మీ బిడ్డ మాత్రలు వేసుకుంటున్నాడా? బతకాలని లేదని ఎప్పుడైనా అన్నాడా?' అని రాత్రి పదింటికి వచ్చే ప్రశ్నను ఆ బిడ్డే చదువుతాడు. తన మీద అమ్మ ఎవరికో చాడీలు చెబుతోందనుకుంటాడు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏమవుతుందో యాప్‌కు పట్టదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తామే వాడుకునే ఫోను ఉన్న ఆడవాళ్లు దేశంలో నూటికి 54 మంది. ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు కర్ణాటకలో 35, ఆంధ్రలో 21. ఈపాటికి పెరిగే ఉంటారు, కాదనను. అయినా ఇంట్లో ఫోను ఉన్నంత మాత్రాన అది అమ్మదైపోదు.

ఇదే పోస్టర్ ఇంకో ఊళ్లో కనిపిస్తే నాకింత ఒళ్లు మండేది కాదు. దేశానికి మానసిక వైద్యాన్ని ఊళ్లోకి తీసుకెళ్లడం నేర్పింది బళ్లారి జిల్లా. 1985లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు ఈ జిల్లాను ఎంచుకున్నారు. అప్పటి జనాభా దాదాపు 20 లక్షలు. పీహెచ్‌సీ డాక్టర్లకూ, ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తలకూ జబ్బు గుర్తుపట్టడం నేర్పారు. అవసరమైన ఆరు రకాల మందులు పీహెచ్‌సీలోనే దొరికేలా చేశారు. రోగి మళ్లీ రాకపోతే కనుక్కోవడం కార్యకర్త పని. కంప్యూటరు లేదు. ఉన్నవి రిజిస్టరు, ఎర్రబస్సు, మనిషి. అయిదేళ్లు నడిచిన ఆ పద్ధతినే నమూనాగా పెట్టుకుని 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టారు. అందులో ఒకటి అప్పటి మన మెదక్. దేశంలో ఇవాళ ఆ పేరుతో నడిచే ప్రతి క్లినిక్కుకూ పుట్టినిల్లు బళ్లారే. ఈ ముక్క బళ్లారి వాళ్లలోనే చాలామందికి తెలియదు. ఇనుప గనుల్లో ఎవరెంత తవ్వుకున్నారో మాత్రం పొల్లుపోకుండా చెబుతారు.

టెక్నాలజీ వద్దని నేననను. మనసు బాగోలేనివాళ్లు ఫోనులో సాయం అడిగేందుకు 2022 అక్టోబరు 10న సర్కారు మొదలుపెట్టిన టెలీ మానస్ నాకు నచ్చింది. నంబరు 14416. బటన్ ఫోను చాలు, డబ్బు పడదు, రాత్రీ పగలూ పలుకుతుంది, ఇరవై భాషల్లో తెలుగూ ఉంది. వెనక నిమ్హాన్స్, బెంగళూరు ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. కానీ మొదటిసారి ఫోను చెయ్యాల్సింది మనమే. కొడుకు గది తలుపేసుకుని మూడు రోజులైన ఇంట్లో, చుట్టాలకు తెలిస్తే కూతురి సంబంధం చెడుతుందని భయపడే అమ్మ, ముక్కూమొహం తెలియని వాళ్లకు తనంతట తాను చెప్పుకోవడం అంత తేలికా?

నేనడిగేది తిరుగు ఫోను. డాక్టరుకు బిడ్డను చూపించి వెళ్లిన వారంలోపు, ఆ తల్లి చెప్పిన వేళకు, ఆవిడ చెప్పిన నంబరుకు, తెలుగులో ఒక మనిషి ఫోను చెయ్యాలి. మగతగా ఉన్నాడా, మాత్ర మానేస్తానంటున్నాడా, బడికి పోనంటే ఎంతవరకు బలవంతపెట్టాలి - ఇవి మాట్లాడాలి. నువ్వు నిద్రపోతున్నావా తల్లీ అని కూడా అడగాలి. రెండోసారి చూపించడం ఊరి పీహెచ్‌సీ నుంచి వీడియోలో అయిపోవాలి. బళ్లారిలో జీన్స్ కుట్టేవాళ్లకు పీసుకింతని కూలి. ఆసుపత్రిలో ఒక పూట లైను కడితే ఆ పూట కూలి పోయినట్టే. ఇక పద్దెనిమిదేళ్లు నిండని పిల్లను చేర్చుకోవాల్సి వస్తే, ఉన్నన్నాళ్లూ పెద్దవాళ్లొకరు దగ్గరే ఉండాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం 87వ సెక్షను అంటోంది. మంచి నియమమే. ఆ రోజుల కూలి ఎవరిస్తారో మాత్రం ఆ సెక్షనులో లేదు.

పోస్టర్ల సంగతి ఎత్తాను కనుక, గోడ మీద రాతతోనే సరిపెట్టే కాలేజీల దగ్గరికీ పోవాల్సిందే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అంటే వందమంది ఉండే హాస్టల్లో సగటున ఏడుగురు. 2022లో దేశంలో ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13,044 మందని నేర రికార్డుల బ్యూరో లెక్క. విశాఖలో నీట్ శిక్షణకు వెళ్లిన 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమందీ అంతకు మించీ విద్యార్థులున్న ప్రతి సంస్థ అర్హతగల కౌన్సెలర్‌ను పెట్టుకోవాలంది. టెలీ మానస్ నంబరు హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో రాయాలంది.

ఈ రెండింటిలో మన రెసిడెన్షియల్ కాలేజీలకు ఏది ఇష్టమో వేరే చెప్పాలా? నాకు తెలిసిన ఒకచోట నంబరు గోడకెక్కింది, కౌన్సెలింగ్ బాధ్యత పీటీ మాస్టారి నెత్తికెక్కింది. ఆ హాస్టల్లో పిల్లల దగ్గర ఫోను ఉండకూడదు! వార్డెన్‌ను బతిమాలి, వార్డెన్ ఎదుటే నిలబడి, వార్డెన్ ఫోనులోంచి మనసు విప్పాలన్నమాట. ర్యాంకుల ఫ్లెక్సీకి ఊరంత జాగా దొరికే కాలేజీలో పిల్లాడు అమ్మతో ఏడవడానికి ఒక గది దొరకదు.

ఈసారి అడ్మిషనుకు వెళ్లినప్పుడు ఫీజు కట్టేముందు అడగండి: కౌన్సెలర్ ఎవరు, గది ఎక్కడ, మా వాడు మాకు ఫోను చెయ్యాలంటే ఎట్లా? గది చూపించేదాకా డబ్బు కట్టకండి. ఇప్పటికే ఇంట్లో పిల్లాడితో సతమతమవుతున్న అమ్మానాన్నలు వాడికోసమే కాదు, తమకోసం కూడా 14416కు ఫోను చెయ్యవచ్చు. ఇంటి ఫోను వాడి దగ్గరుంటే, ఆశా కార్యకర్తదో పక్కింటివాళ్లదో అడిగి తీసుకోండి.