పవర్ లిమిట్ అంటే ఒక్క అంకె కాదు బాస్!

ల్యాప్‌టాప్ మంచిదా కాదా తేల్చడానికి ఇప్పుడు అందరం స్క్రీన్‌షాట్లే చూస్తున్నాం. "నాది 115 వాట్లు బ్రో" అని ఒకరంటే, "నాకు 45 మాత్రమే చూపిస్తోంది, మోసపోయా" అని ఇంకొకరు. తీరా చూస్తే ఇద్దరిదీ ఒకే ప్రాసెసర్! ఇంటెల్ ఐ7-13700హెచ్ బేస్ పవర్ 45 వాట్లు, గరిష్ఠ టర్బో పవర్ 115 వాట్లు. రెండు అంకెలూ కరెక్టే. ఏ లిమిట్ చూపిస్తోందో చెప్పకపోవడమే టూల్ చేసిన తప్పు.

అందుకే పవర్ లిమిట్లు చూపించే కోడ్‌ని "ఒక లైనే కదా" అని వదిలేయకూడదు అంటాను. అలాంటి కోడ్ రివ్యూకి వస్తే నేను నాలుగు విషయాలు చూస్తాను.

మొదటిది యూనిట్. లైనక్స్ పవర్‌క్యాప్ ఫైళ్లు లిమిట్‌ని మైక్రోవాట్లలో ఇస్తాయి, ఎన్‌విడియా లైబ్రరీ మిల్లీవాట్లలో ఇస్తుంది. ఒకదాన్ని 10 లక్షలతో భాగించాలి, ఇంకోదాన్ని వెయ్యితో. రెండింటికీ ఒకే ఫంక్షన్ వాడితే అంకె వెయ్యి రెట్లు తేడా వస్తుంది.

రెండోది పేరు. లాంగ్ టర్మ్, షార్ట్ టర్మ్ లిమిట్లు వేరు. ఏది ఏదో చెప్పే ఫైల్ పక్కనే ఉంటుంది. వరుస నంబర్‌ని నమ్మకుండా ఆ పేరు చదవాలి.

మూడోది, నిజంగా అమల్లో ఉన్నది ఏది? కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో లిమిట్ రెండు చోట్ల సెట్ అయి ఉంటుంది. పనిచేసేది వాటిలో తక్కువది. ఒక్క చోటే చదివే కోడ్ ఎక్కువ చూపించి ఆశ పెడుతుంది.

నాలుగోది, విలువ దొరక్కపోతే ఏం చేస్తోంది? చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో జీపీయూ లిమిట్ "అందుబాటులో లేదు" అనే వస్తుంది. దాన్ని సున్నా అని చూపించడం అంటే తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడమే.

ఇంత వివరం మామూలు యూజర్‌కి ఎందుకు, స్క్రీన్ గజిబిజి అవుతుంది కదా అంటారు. మా జీడిమెట్ల ఇండస్ట్రియల్ ఏరియాలో ఏదైనా ఫ్యాక్టరీ హెచ్‌టీ కరెంట్ బిల్లు చూడండి. ఒప్పందం చేసుకున్న గరిష్ఠ డిమాండ్ ఒక గడిలో, ఆ నెల మీటర్‌లో నమోదైన డిమాండ్ ఇంకో గడిలో ఉంటాయి. రెండింటికీ యూనిట్ కేవీఏ. దాటితే అదనపు చార్జీ పడుతుంది కాబట్టి రెండూ కలిపేయరు. కరెంట్ బిల్లులో పట్టిన గడులు మన స్క్రీన్ మీద పట్టవా?

ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ జీపీయూనే తీసుకోండి. తయారీదారు దాన్ని 35 నుంచి 115 వాట్ల మధ్య ఎక్కడైనా సెట్ చేయొచ్చు. పేరు ఒకటే, ఫ్రేమ్‌రేట్ వేరు. డబ్బాపై స్టిక్కర్ ఆ తేడా చెప్పనప్పుడు మనకి దిక్కు ఈ టూల్సే. వాటిలోని అంకె చూసే మనం వేలకు వేలు పెట్టి కొంటున్నాం, రిటర్న్ చేస్తున్నాం.

ఈ టూల్స్‌లో చాలా వాటి కోడ్ ఓపెన్‌గానే ఉంది. కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లు మొదటి ప్యాచ్ ఇక్కడే వేయండి. ఒక లేబుల్ సరిచేసినా చాలు, ఆ స్క్రీన్‌షాట్ చూసే ప్రతివాళ్లకీ పనికొస్తుంది.