మోకాళ్లను చూసి ప్లాను గీయండి

ఆస్ట్రేలియా మాట వినగానే పిల్లలు కంగారూలంటారు. అమ్మ ఖర్చెంతంటుంది. నాన్న సెలవులు లెక్కపెట్టుకుంటాడు. నానమ్మ మాత్రం ‘అన్నేసి గంటలు కూర్చోగలనా?’ అని నసుగుతుంది. ముందుగా జవాబు చెప్పాల్సింది ఆవిడకే.

హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు సుమారు నాలుగున్నర గంటలు. అక్కణ్నుంచి సిడ్నీకి ఇంకో ఎనిమిది. విమానాశ్రయాల్లో ఎదురుచూపులు, ఏ విజయవాడ నుంచో కరీంనగర్ నుంచో శంషాబాద్ దాకా రోడ్డు ప్రయాణం కలిపితే ఇరవై గంటలు ఇట్టే దాటిపోతాయి. అందుకే పెద్దవాళ్లుంటే దారిలో రెండు రాత్రులు ఆగడమే మేలు. చాలామంది దాన్ని ‘ఇంకో దేశం కూడా చూసేయడం’ అనుకుంటారు. సెంటోసా, యూనివర్సల్ స్టూడియోస్, నైట్ సఫారీ అన్నీ రెండ్రోజుల్లో కుక్కేస్తారు. ఇక ఆగిన ప్రయోజనమేముంది? లిటిల్ ఇండియాలో ఇడ్లీ తిని, సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్‌ను దర్శించుకుని, సాయంత్రం మెరీనా బే ఒడ్డున కూర్చుంటే చాలు.

సింగపూర్‌లో బయటికెళ్లాలంటే మనకు వీసా కావాలి. ఆస్ట్రేలియా వీసా ఉన్నవాళ్లకు 96 గంటల వరకూ వెసులుబాటు ఉంది కానీ దానికి షరతులున్నాయి. సింగిల్ ఎంట్రీ వీసా అయితే తిరుగు ప్రయాణంలోనే పనికొస్తుంది. ఈ తలనొప్పి వద్దనుకుంటే కౌలాలంపూర్ ఉంది. మలేసియా 2023 డిసెంబరు నుంచి భారతీయులకు 30 రోజుల దాకా వీసా అక్కర్లేదంది, దాన్ని 2026 ఆఖరుదాకా పొడిగించింది. బయల్దేరే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు మాత్రం నింపాలి. అక్కడి బటు కేవ్స్‌కు 272 మెట్లు. పిల్లలు ఎక్కుతారు, నానమ్మ కిందే మురుగన్ విగ్రహానికి దండం పెట్టుకుంటుంది.

వెళ్లడం, ఆగడం, రావడం అన్నీ ఒకే టికెట్‌లో ఉండాలి. నాలుగు డబ్బులు మిగులుతాయని ముక్కలుముక్కలుగా కొంటే, మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండోదాని డబ్బు గోవిందా! ‘మల్టీ సిటీ’ ఆప్షన్ పెట్టి సిడ్నీలో దిగి మెల్‌బోర్న్ నుంచి తిరిగొచ్చేలా చూసుకోండి. వెనక్కి వెళ్లే బాధ తప్పుతుంది.

ఆస్ట్రేలియా వీసాకు చంటిపాపతో సహా ఎవరి దరఖాస్తు వాళ్లదే, ఎవరి ఫీజు వాళ్లదే. 75 ఏళ్లు దాటినవాళ్లకు వైద్యపరీక్షలుంటాయి. కాబట్టి నానమ్మ దరఖాస్తు అందరికంటే ముందు కదలాలి. వీసాలన్నీ చేతికొచ్చేదాకా డబ్బు వాపసు రాని టికెట్లు కొనొద్దు. ఒక్కరిది ఆగినా ఇంటిల్లిపాదీ ఆగాల్సిందే కదా!

ఇక ఎప్పుడు? మన వేసవి సెలవులు వాళ్లకు శరదృతువు, చలికాలం మొదలు. మే నెలలో సిడ్నీ హాయిగా, మెల్‌బోర్న్ స్వెట్టర్ చలితో ఉంటాయి. గ్రేట్ బారియర్ రీఫ్ చూడ్డానికి వెళ్లే కెయిర్న్స్‌లో అప్పటికి వానలు తగ్గుతాయి. సముద్రంలో దిగేవాళ్లు జెల్లీఫిష్ కుట్టకుండా అక్కడిచ్చే సూట్ వేసుకోవాలి. డిసెంబరు, జనవరి వాళ్ల పిల్లల సెలవులు. గదుల అద్దెలు మండిపోతాయి.

అట్లాసులో చూసి మోసపోకండి. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కే రోడ్డు మీద దాదాపు 880 కిలోమీటర్లు. కెయిర్న్స్ అయితే విమానంలోనే మూడు గంటలు. రెండు వారాలే ఉంటే సిడ్నీ, కెయిర్న్స్, మెల్‌బోర్న్‌తో సరిపెట్టండి. పెర్త్, ఉలురు ఇంకోసారి. ఎలాగూ ఉలురు శిల ఎక్కడాన్ని 2019 అక్టోబరు 26 నుంచి నిషేధించారు.

మెల్‌బోర్న్ దగ్గరి గ్రేట్ ఓషన్ రోడ్డును మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా శ్రమించి వేశారు. ట్వెల్వ్ అపోస్టల్స్ దాకా ఒక్కరోజులో వెళ్లొచ్చే బస్సు టూర్లున్నాయి కానీ నానమ్మకు అవి శిక్షే. అపోలో బేలో ఒక రాత్రి ఉండండి. ఫిలిప్ ఐలాండ్‌లో చీకటి పడేవేళ బుల్లి పెంగ్విన్లు సముద్రంలోంచి గుంపుగా నడిచొస్తాయి. ఆ గంటసేపు పిల్లలకూ ఆవిడకూ తేడా ఉండదు.

ఆఖరుగా సూట్‌కేసు. ఆస్ట్రేలియాలో తిండి పదార్థాల తనిఖీ చాలా కఠినం. కరివేపాకు, మామిడిపళ్లు, గోంగూర మటన్, పాలకోవా... ఇవేవీ పెట్టుకోవద్దు. ఆవకాయ, సున్నుండల్లాంటివి పట్టుకెళ్తే కార్డులో ‘ఉన్నాయి’ అని రాయాలి. రాసి చూపిస్తే మహా అయితే ఆ సీసా తీసేసుకుంటారు. దాచి దొరికితే భారీ జరిమానా. అసలు అంత మోత అవసరమే లేదు. సిడ్నీ హారిస్ పార్క్‌లో మన భోజనం దొరుకుతుంది. నగరానికి దక్షిణాన హెలెన్స్‌బర్గ్‌లో 1985 నుంచి వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. నానమ్మకు ఆ సంగతి ముందే చెప్పండి, పాస్‌పోర్టు ఫొటో దిగడానికి ఆవిడే తొందరపెడుతుంది.