జరుగుచున్న సంక్రాంతి

నారాయణఖేడ్ ప్రాంతమున, కర్ణాటక సరిహద్దునకు చేరువనున్న నాగల్‌గిద్దలో, తక్కిన తెలుగు గ్రామములలో వలెనే, సంక్రాంతినాడు సూర్యుడు ఉత్తరమునకు మరలునని చెప్పుకొందురు. నిజమునకు ఆ మరలుట డిసెంబరు 21, 22 తేదీలలోనే జరుగును. సుమారు 1700 ఏండ్ల క్రిందట రెండును ఒకే దినమున వచ్చెడివి. నక్షత్రములనుబట్టి లెక్కించు సంవత్సరము ఋతువుల సంవత్సరముకంటె ఇంచుమించు 20 నిమిషములు పెద్దది. ఇంతేకదా యనవచ్చును, 72 ఏండ్లలో అది ఒక దినమగును! వివేకానందుడు జన్మించిన 1863 జనవరి 12వ తేదీ సంక్రాంతి దినమే. నేడు పండుగ 14, 15 తేదీలకు జరిగినది.

పంట ఇంటికివచ్చు వేళ నువ్వులు, బెల్లము పంచుకొను ముచ్చటను వెనుకకు మార్చుమనుట తగదు. కాని పిల్లలకు రెండు తేదీలును చెప్పవలెను. బడి ఆవరణలో పొడవాటి కర్ర పాతినచో, సంక్రాంతి సెలవులకు ముందే మధ్యాహ్నపు నీడ కురుచయగుట వారే కొలిచి చూడగలరు.