మెట్ట పొలంలో కంది సాలు

మెట్ట రైతు బ్రతుకును ఎండిన సంవత్సరమే నిర్ణయిస్తుంది. మూడేళ్ల మిగులు ఒక్క కరవుతో వడ్డీల పాలవుతుంది. అందుచేత వర్షాధార సేద్యంలో ఏ పద్ధతినైనా, గడ్డుకాలంలో నష్టాన్ని ఎంతవరకు ఆపగలదో చూసి మెచ్చుకోవాలి. పప్పుధాన్యాలను అంతర పంటగా వేసే పాత ఆచారం ఆ పరీక్షకు నిలిచింది.

తెలంగాణ పల్లెల్లో జొన్నతో కందిని కలిపి విత్తడం తరతరాల అలవాటు. తొలకరికి రెండు విత్తనాలూ ఒకేసారి భూమిలో పడతాయి. జొన్న త్వరగా ఎదిగి నాలుగు నెలలలోపే కోతకు వస్తుంది. అంతవరకు కంది దాని నీడన ఒదిగి, నెమ్మదిగా పెరుగుతుంది. జొన్న కోసిన పిమ్మట వెలుతురు, చోటు అంతా కందిదే. లోతుకు దిగిన తల్లివేరు అడుగు పొరల్లోని తేమను అందుకొని, వానలు వెనుదిరిగాక కూడా పూతను నిలుపుతుంది. వేరు బుడిపెలలోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. రాలిన ఆకు నేలకు ఎరువవుతుంది. జూలైలో వాన ముఖం చాటేసి జొన్న దెబ్బతిన్నా, సెప్టెంబరు వానకు కంది కోలుకుంటుంది.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధకులు రావు, విల్లీ 94 ప్రయోగాల ఫలితాలను పరిశీలించి, 1980లో ఈ లాభాన్ని లెక్కగట్టి చూపారు. ఆదాయం ఒక నిర్ణీత స్థాయికి దిగువకు పడిపోయే ప్రమాదం కంది ఒక్కటే వేస్తే 5 ఏళ్లకు ఒకసారి, జొన్న ఒక్కటే వేస్తే 8 ఏళ్లకు ఒకసారి. రెండూ కలిపి వేస్తే 36 ఏళ్లకు ఒక్కసారే.

జొన్న స్థానాన్ని వేరుశనగ ఆక్రమించిన అనంతపురం సీమకు కూడా ఈ ధర్మం వర్తిస్తుంది. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఆ ఎర్రనేలల్లో, 7 సాళ్ల వేరుశనగకు ఒక కంది సాలు వేయమని శాస్త్రజ్ఞులు సూచించారు. అయినా అనేకులు వేరుశనగనొక్కదాన్నే నమ్ముకొన్నారు.

ఇందుకు రైతును నిందించడం న్యాయం కాదు. ఒక పంటకు వాడే కలుపుమందు మరొకదానికి చేటు. కోతయంత్రానికి కలిసిన సాళ్లు గిట్టవు. మొదటి పంట తీసీ తీయగానే పశువులను పొలాల మీదికి వదిలే ఊళ్లలో, మిగిలిన కందికి ఒక్క రైతు ఎన్నాళ్లని కాపలా కాయగలడు? ఊరంతా కలిసి కట్టుబాటు చేసుకొంటే తప్ప ఆ సాలు నిలవదు. పంట నిలిచినా కొనుగోలు చిక్కు మరొకటి. మయన్మార్, మొజాంబిక్ దేశాల నుండి కందులు తెప్పించుకొంటున్న ప్రభుత్వం, మెట్ట రైతు వాకిట ఉన్న రెండు బస్తాల కందులను మద్దతు ధరకు అతని ఊళ్లోనే కొనే ఏర్పాటు చేయాలి.