ముప్పై దాటాక పీహెచ్‌డీకి డబ్బులెవరిస్తారు?

ఈసారి ప్రశ్న జాబ్రియా నుంచే వచ్చింది. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసి, ఇక్కడ లాబ్‌లో పనిచేస్తున్న చెల్లెలు. వయసు 31, ఒక బాబు. "నాకింక స్కాలర్‌షిప్ ఎవరిస్తారక్కా?" అని అడిగింది.

ఇస్తారమ్మా. ముందు వయసు భయం తీసెయ్యి. ఇండియాలో సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకోవాలంటే వయసు హద్దు ఉంది కానీ, ఆడవాళ్ళకి 5 ఏళ్ళు సడలింపు ఇస్తారు. డీఎస్‌టీ వాళ్ళ వైజ్-పీహెచ్‌డీ అయితే 27 నుంచి 45 ఏళ్ళ ఆడవాళ్ళ కోసమే పెట్టింది. పిల్లల కోసం చదువు ఆపేసినవాళ్ళు దీన్ని తప్పకుండా చూడాలి.

అసలు చిక్కు వయసు కాదు, డబ్బు. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత 42,000. ఇంటి అద్దె భత్యం వేరే. మన లెక్కలో 37,000 అంటే 150 దీనార్లు కూడా కాదు! పైగా ఉద్యోగం మానేసి పూర్తి టైం చెయ్యాలి. ఊళ్ళో ఇంటి లోను ఉంటే ముందు ఆ లెక్క తేల్చుకో. ఇంట్లోవాళ్ళతో కూర్చుని, కాగితం మీద రాసి మరీ.

యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో ఆస్పత్రి పోర్టర్‌గా రాత్రిళ్ళు పనిచేసి చదివారని అందరూ చెబుతారు. కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థా, మామగారూ డబ్బు సర్దితేనే ఆయన ఓడెక్కారని మాత్రం ఎవరూ చెప్పరు. 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ వచ్చింది. డబ్బు గురించి అడగడం నామోషీ ఏం కాదు.

ఇక టాపిక్. ఎక్కడో వెతకొద్దు, నీ టేబుల్ మీదే ఉంది. రోజూ యూరిన్ కల్చర్లు చూస్తున్నావు, ఏ యాంటీబయాటిక్ పనిచెయ్యడం మానేస్తోందో గైడ్ కంటే ముందు నీకే తెలుస్తుంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ, తార్నాకలో ఎన్ఐఎన్ ఉన్నాయి. అక్కడివాళ్ళకి మెయిల్ రాసేటప్పుడు "నాకు రీసెర్చ్ ఇష్టం" అని కాకుండా ఆ ప్రశ్నే రాయి. కానీ పేషెంట్ల రిజల్ట్స్ ఫోన్‌లో ఫొటోలు తీసి దాచుకోకు. ఎథిక్స్ కమిటీ అనుమతి లేని డేటా దేనికీ పనికిరాదు, పైగా ఉద్యోగానికే ఎసరు.

"సీటూ స్కాలర్‌షిప్పూ రెండూ ఇప్పిస్తాం, అడ్వాన్స్ కట్టండి" అనే ఏజెంట్ల మెసేజ్‌లు గ్రూపుల్లో తిరుగుతున్నాయి. నెట్ మార్కులు ఎవరూ అమ్మలేరు, బ్లాక్ చేసెయ్యండి.

ఒక్క పని మాత్రం ఈ శుక్రవారమే చెయ్యండి. టెన్త్ సర్టిఫికెట్టూ పాస్‌పోర్టూ పక్కపక్కన పెట్టి చూడండి. పెళ్ళయ్యాక పాస్‌పోర్టులో అత్తింటి పేరు ఎక్కి, సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరే ఉండిపోయినవాళ్ళు మనలో బోలెడుమంది. అప్లికేషన్ చివరి రోజున అది సరిచెయ్యడం కుదరదు.